రక్తంలో చక్కెర – రోజువారీ లెక్క



నవంబరు 14 అనగానే మా బడిపిల్లలకు బాలల దినోత్సవం గుర్తుకొస్తుంది. అది నెహ్రూగారి పుట్టినరోజు. అదే తేదీన, 1891లో, కెనడా దేశంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే ఆయన పుట్టారు. ఆయనా, చార్లెస్ బెస్ట్ అనే యువకుడూ కలిసి 1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగాల ఫలితంగానే ఇన్సులిన్ మందు లోకానికి దక్కింది. 1922 జనవరిలో ఆ మందును మొట్టమొదట అందుకున్న రోగి లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడు. అంతకుముందు అటువంటి పిల్లలకు మధుమేహం వచ్చిందంటే తల్లిదండ్రులు ఆశ వదులుకోవలసిందే. బాంటింగ్ జ్ఞాపకార్థం నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా 1991 నుంచి జరుపుకుంటున్నారు. బాలల దినోత్సవమూ, మధుమేహ దినమూ ఒకే రోజు కావడం యాదృచ్ఛికమే అయినా, నాకు అందులో ఒక అర్థం ఉన్నట్టే తోస్తుంది.

ఈనాటి మన ప్రసంగం ఈ మధుమేహం గురించే. మనలో కొందరు దీన్ని చక్కెర జబ్బు అంటారు, ఇంకొందరు తీపి జబ్బు అంటారు. ఎక్కువమంది ఊరికే ‘షుగర్’ అంటారు. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు తమిళంలో ‘నీరిళివు’ అనే మాట కూడా చెవిన పడుతూ ఉంటుంది. నీరు ఎక్కువగా పోయే జబ్బు అని దాని భావం. పేరు ఏదైనా జబ్బు ఒక్కటే. మన ప్రాచీన వైద్యులు చరకుడు, సుశ్రుతుడు కూడా మూత్రంలో తీపి ఉండే ఈ జబ్బును గుర్తించి మధుమేహమన్నారు. కనుక ఇది మనకు కొత్తది కాదు. కొత్తదేమిటంటే, ఇది వ్యాపించిన తీరు.

చెన్నై నగరాన్నే తీసుకోండి. ఇక్కడి పెద్దలలో 1989లో నూటికి 8 మందికి పైగా మధుమేహం ఉన్నట్టు పరిశోధకులు లెక్క తేల్చారు. 1995లో ఆ సంఖ్య నూటికి 11.6 అయింది. 2000లో 13.5. 2003-2004 నాటికి 14.3. పదిహేనేళ్లలో ఎంత పెరుగుదలో గమనించండి. ఇక దేశం మొత్తం మీద, భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంటే వాళ్లకు ఇంకా జబ్బు రాలేదు, కాని వచ్చే సూచన కనబడుతోంది.

జబ్బు ఇంతగా ఉన్న చోటే దానికి వైద్యం కూడా ముందుగా వేళ్లూనింది. 1948లో ఉత్తర చెన్నైలోని స్టాన్లీ ఆస్పత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ మధుమేహ రోగుల కోసం ప్రత్యేక విభాగం ప్రారంభించారు. 1954లో రాయపురంలో ఈ ఒక్క జబ్బుకోసమే ఆస్పత్రి నెలకొల్పారు. 1978లో డాక్టర్ వి. శేషయ్య మద్రాసు మెడికల్ కాలేజీలో మధుమేహ విభాగాన్ని నెలకొల్పారు. గూడూరు, సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి వైపు నుంచి లోకల్ రైలెక్కి పరగడుపున చెన్నైకి దిగి, రక్తపరీక్ష చేయించుకుని, సాయంత్రం రైలుకు ఇల్లు చేరే మన తెలుగువారు ఎందరో. ఆ చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం మీద కొన్ని అంకెలు ఉంటాయి. ఆ అంకెలను మనమే చదువుకోగలగాలి, చదివి దాని ప్రకారం నడుచుకోగలగాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

అసలు రక్తంలో చక్కెర ఎందుకుంటుంది? మనం తిన్న అన్నం, ఇడ్లీ, రొట్టె, పండు, ఇవన్నీ కడుపులో అరిగి చివరకు గ్లూకోజ్ అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. మన ఒంట్లోని ప్రతి కణానికీ అదే ఇంధనం. కాబట్టి రక్తంలో చక్కెర ఉండటం జబ్బు కాదు. అది చేరవలసిన చోటికి చేరకుండా రక్తంలోనే నిలిచిపోవడం జబ్బు.

ఒక రైల్వే గేటును ఊహించుకోండి. గేటుకు ఇవతల సరుకు లారీలు నిలిచి ఉన్నాయి. అవతల ఊళ్లో జనం సరుకు కోసం ఎదురుచూస్తున్నారు. గేటు ఎత్తవలసింది గేట్‌మన్. ఆ గేట్‌మనే ఇన్సులిన్. కడుపులో జీర్ణాశయం వెనుక ఉండే క్లోమగ్రంథి దాన్ని తయారుచేసి పంపుతుంది. కొందరు పిల్లల్లో, యువకుల్లో ఆ గేట్‌మనే ఉండడు. దాన్ని మొదటి రకం మధుమేహం అంటారు. వాళ్లకు ఇన్సులిన్ ఇంజెక్షన్ తప్ప మరో దారి లేదు. పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చేది రెండో రకం. ఇందులో గేట్‌మన్ ఉంటాడు, కాని గేటు తుప్పు పట్టి లేవదు. అతను ఎంత బలంగా లాగినా కొంచెమే లేస్తుంది. లాగి లాగి కొన్నేళ్లకు అతనూ అలసిపోతాడు. లారీలు రోడ్డు పొడవునా నిలిచిపోతాయి. అవతల ఊళ్లో మాత్రం ఆకలి. మధుమేహం ఉన్న మనిషి బాగా తింటూనే నీరసించిపోవడానికి కారణం ఇదే.

గేటుకు తుప్పు పట్టించేవేమిటి? పొట్ట చుట్టూ చేరే కొవ్వు, కదలిక లేని జీవనం, వంశపారంపర్యం. మనవాళ్లలో మనిషి చూడటానికి సన్నగానే ఉన్నా పొట్ట మాత్రం ముందుకు వచ్చి ఉంటుంది. అందుకే తూకం ఒక్కటి చూస్తే చాలదు. దర్జీ టేపు తీసుకుని నడుము కొలుచుకోండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిందే.

ఇక కాగితం మీది అంకెల సంగతికి వద్దాం. పరగడుపున, అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చేయించే పరీక్షలో 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ఉంటే గుమ్మంలో ఉన్నట్టు. 126 గాని అంతకుమించి గాని ఉంటే మధుమేహం. గ్లూకోజ్ నీళ్లు తాగించి 2 గంటల తర్వాత చూసే పరీక్షలో 140 లోపు మామూలు, 200 గాని ఆ పైన గాని ఉంటే మధుమేహం. బాధ ఏమీ లేని మనిషికి ఒక్క పరీక్షతోనే ముద్ర వేయరు, మరోసారి చూసి నిర్ధారిస్తారు. జబ్బు ఉందని తేలిన తర్వాత చాలామందికి వైద్యులు పెట్టే గురి ఏమిటంటే, పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న 2 గంటలకు 180 లోపు. వయసు మళ్లినవారికి, ఇతర జబ్బులున్నవారికి ఈ గురి కొంచెం సడలిస్తారు. మీ గురి ఎంత అన్నది మీ డాక్టరుగారినే అడిగి రాసుకోండి.

మూడో పరీక్ష ఒకటుంది. హెచ్‌బిఎ1సి అంటారు. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. మన రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువైనకొద్దీ ఆ కణంలోని హీమోగ్లోబిన్‌కు చక్కెర ఎక్కువగా అంటుకుంటుంది. ఒకసారి అంటుకున్నది ఇక వదలదు. ఎంత అంటుకుందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలిసిపోతుంది. ఈ అంకె 6 శాతం ఉంటే సగటు చక్కెర సుమారు 126 అన్నమాట. 7 ఉంటే 154. 8 ఉంటే 183. 9 ఉంటే 212. మధుమేహం ఉన్నవారిలో చాలామందికి 7 లోపు ఉంచుకోవడం మంచిదంటారు. రక్తహీనత ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుదారి పట్టించవచ్చు. కాబట్టి ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి.

బడిలో పాఠాలు చెప్పేదాన్ని కనుక నాకిది బడి పరీక్షలాగే కనబడుతుంది. ఏడాదంతా పుస్తకం ముట్టని పిల్లవాడు పరీక్షకు ముందు రాత్రి మేలుకుని నాలుగు ప్రశ్నలు బట్టీపట్టి వస్తాడు. మార్కులు వస్తాయి, చదువు మాత్రం రాదు. షుగర్ పరీక్ష విషయంలో పెద్దవాళ్లూ ఇదే పని చేస్తున్నారు. మాకు తెలిసిన ఒక పెద్దాయన మూడు నెలలకోసారి చెన్నైకి పరీక్షకు వస్తారు. వచ్చే ముందు రెండు రోజులు మజ్జిగ, దోసకాయ ముక్కలు తప్ప ఏమీ ముట్టరు. పరగడుపు అంకె 112 వస్తుంది. ఇంటికి వెళ్లి, ‘నాకు షుగర్ లేదు’ అని ఇంటిల్లిపాదికీ చెప్పి, ఆ పూటే భోజనంలో పాయసం వేయించుకుంటారు. ఒకసారి డాక్టరుగారు మూడు నెలల సగటు పరీక్ష కూడా రాశారు. 9.4 వచ్చింది. అప్పుడు ఆయన నవ్వుతూ, ‘అయ్యా, మీ రెండు రోజుల సంగతి తెలిసింది. మిగతా ఎనభై ఎనిమిది రోజుల సంగతి చెప్పండి’ అన్నారట.

ఇందులో నవ్వుకోవలసింది కొంచెమే, ఆలోచించవలసింది ఎక్కువ. ఆ 112 చూసి మందు తగ్గించి ఉంటే ఎవరికి నష్టం? పరీక్ష పెట్టేది మనల్ని తప్పు పట్టడానికి కాదు, మనకు ఏ మందు ఎంత కావాలో తెలుసుకోవడానికి. కాబట్టి రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండి పరీక్షకు రండి. రోజూ వేసుకునే మందును ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో మాత్రం ముందుగా అడిగి తెలుసుకోండి.

దీనికి తోడుబోయిన పొరపాటు మరొకటి ఉంది. అంకె మామూలుకు వచ్చిందని మాత్ర మానేయడం. వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని, ‘నేను తడవడం లేదు కదా, ఇక గొడుగెందుకు’ అని ముడిచేస్తే ఏమవుతుంది? మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అంకె బాగుంది. కొత్తగా జబ్బు బయటపడినవారిలో కొందరు బాగా బరువు తగ్గి, మందులు లేకుండానే చక్కెరను అదుపులో ఉంచుకోగలుగుతున్న మాట నిజమే. కాని అది డాక్టరు కనుసన్నల్లో, పరీక్షలు చేయించుకుంటూ జరగవలసిన పని. మనంతట మనం మానేయకూడదు.

బస్టాండుల్లో, గోడల మీద ‘షుగర్ శాశ్వత నివారణ’ అని ప్రకటనలు చూస్తుంటాం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. కాకరకాయ కూర తినండి, మెంతులు వాడండి, తప్పులేదు. అవి ఆహారంగా మంచివే. కాని వాటిని నమ్ముకుని మందు ఆపవద్దు. ముఖ్యంగా మొదటి రకం మధుమేహమున్న బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక తిండి విషయం. మధుమేహం ఉందనగానే చాలామంది చక్కెర డబ్బా ఒక్కటి దాచేసి, అన్నం మాత్రం ఎప్పటిలాగే గుట్టగా పెట్టుకుంటారు. వండిన తెల్లన్నం ఒక కప్పు, అంటే దాదాపు 150 గ్రాములు తింటే అందులో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అదంతా చివరకు చక్కెరే. అన్నం మానమని ఎవరూ అనడం లేదు. కంచంలో దాని చోటు తగ్గించమంటున్నారు. కంచాన్ని మనసులోనే నాలుగు భాగాలు చేయండి. రెండు భాగాలు కూరగాయలు, ఆకుకూరలు. ఒక భాగం పప్పు, గుడ్డు, చేప వంటివి. మిగిలిన ఒక్క భాగం అన్నం. తినేటప్పుడు కూడా కూర, పప్పు ముందు తిని, అన్నం తర్వాత తింటే తిన్నాక చక్కెర అంత త్వరగా ఎగబాకదు. మన భోజనంలో తోటకూర పప్పు, గోంగూర, బీరకాయ, చిక్కుడు, ములక్కాడ ఎప్పుడూ ఉన్నవే. వాటిని అన్నంలోకి నంజుడుగా కాకుండా అన్నంకంటే ఎక్కువగా వడ్డించుకుంటే సరి.

చిత్తూరు వైపు, కృష్ణగిరి వైపు శ్రోతలు రాగిసంకటి సంగతి అడుగుతారు. రాగులు మంచివే. 100 గ్రాముల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, రాగుల్లో సుమారు 11 గ్రాములు. కాని పిండిపదార్థం బియ్యంలో 78 గ్రాముల దాకా ఉంటే, రాగుల్లోనూ 67 గ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి రాగిముద్ద ఒకటి తినవచ్చు. రాగి కదా అని మూడు ముద్దలు తింటే ఫలితం లేదు. రాగులను మెత్తగా పిండి పట్టించి పలచటి జావ కాచి తాగితే అది ముద్దకంటే త్వరగా రక్తంలో కలుస్తుంది. చోళ్లయినా, జొన్నలయినా, గోధుమలయినా ఇదే న్యాయం. బెల్లం, తేనె, తాటిబెల్లం చక్కెరకు దూరపు చుట్టాలు కావు, తోబుట్టువులే. పండ్లలో జామ, బొప్పాయి ముక్కలు కొద్దిగా తినవచ్చు. మామిడిపండ్ల కాలంలో ఒక చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి, అదీ భోజనం మీద కాకుండా విడిగా. పండ్లరసం మాత్రం వద్దు.

తిండి ఎంత ముఖ్యమో నడక అంత ముఖ్యం. కండరాలు కదిలినప్పుడు గేట్‌మన్ పెద్దగా శ్రమపడకుండానే చక్కెర లోపలికి పోతుంది. వారంలో 150 నిమిషాలు, అంటే వారానికి ఐదు రోజులు రోజుకు అరగంట చురుగ్గా నడవాలి. అరగంట ఒకేసారి కుదరకపోతే, భోజనమయ్యాక పది పదిహేను నిమిషాల చొప్పున నడిచినా మేలే. నడక వల్ల ఏమవుతుందిలే అనుకునేవారికి చెన్నైలోనే ఒక రుజువుంది. గుమ్మంలో నిలబడి ఉన్న 531 మందిని డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మూడేళ్లపాటు గమనించింది. ఆ ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి జబ్బు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో నూటికి 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ ఇంచుమించు అంతే మేలు కనిపించింది. అంటే తిండిలో మార్పు, నడక కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయన్నమాట.

ఇప్పుడు సరిహద్దు జిల్లాల వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. తమిళనాడు ఆస్పత్రుల్లో మందు కవరు మీద తమిళంలో రాస్తారు. తమిళం మాట్లాడటం వచ్చినా చదవడం రాని తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ‘కాలై’ అంటే ఉదయం. ‘మదియం’ అంటే మధ్యాహ్నం. ‘ఇరవు’ అంటే రాత్రి. ‘సాప్పాట్టుక్కు మున్’ అంటే భోజనానికి ముందు, ‘పిన్’ అంటే భోజనం తర్వాత. మున్ అంటే మన ముందు, పిన్ అంటే మన పిమ్మట అని గుర్తుపెట్టుకోండి. 1-0-1 అని రాస్తే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఈ ముందు వెనుకల తేడా చిన్నది కాదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, సాధారణంగా వాడే ఇన్సులిన్ రకాలు భోజనానికి ముందు తీసుకోవాలి, తీసుకున్నాక తప్పక తినాలి. మెట్‌ఫార్మిన్ భోజనంతో గాని, భోజనం కాగానే గాని వేసుకుంటే కడుపులో తిప్పదు. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్ల చేత ప్రతి కవరు మీదా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. అమ్మమ్మకు, తాతయ్యకు ఇంతకంటే మంచి చేతిరాత అభ్యాసం మరొకటి ఉండదు.

చక్కెర ఎక్కువైతేనే కాదు, మరీ తగ్గినా ప్రమాదమే. 70 కంటే తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి, చిరాకు, కళ్లు తిరగడం. అప్పుడు డాక్టరు కోసం ఎదురుచూడకుండా వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. తగ్గకపోతే మరోసారి తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఏకాదశి అనీ, దీక్ష అనీ, కార్తీక సోమవారం అనీ ఉపవాసం ఉండేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. మాత్ర వేసుకుని తిండి మానితే చక్కెర పడిపోతుంది. ఉపవాసం ఉండదలచుకుంటే నాలుగు రోజుల ముందే డాక్టరుగారిని అడిగి మందు మార్పు చేసుకోండి. దేవుడు మన ఆరోగ్యం చెడగొట్టుకొమ్మని ఎక్కడా అడగలేదు.

దైవదర్శనం మాట వచ్చింది కాబట్టి పాదాల సంగతి చెప్పాలి. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియదు. మనకు తిరుత్తణి కొండ మెట్లున్నాయి, అలిపిరి నుంచి తిరుమలకు వేల మెట్లున్నాయి. మొక్కుకుని మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా ఎండకు కాలిన రాయి మీద నడుస్తారు. మంట తెలియదు. ఇంటికి వచ్చాక చూస్తే అరికాలు బొబ్బలెక్కి ఉంటుంది. ఆ బొబ్బ పుండై, పుండు మానక, వేలో కాలో తీసివేయవలసి వచ్చిన ఇళ్లు మనకు తెలియనివి కావు. దర్శనానికి తప్పక వెళ్లండి. తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని నడవండి. చెప్పులు విడవనవసరం లేని చోట విడవకండి. రోజూ రాత్రి పడుకోబోయే ముందు అరికాలు, వేళ్ల సందులు అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్ల చేత చూపించుకోండి. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు. కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టవద్దు. చిన్న పుండైనా రెండు రోజుల్లో మానుముఖం పట్టకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

కళ్ల విషయమూ అంతే. కంటి లోపలి రెటీనా పొర దెబ్బతింటున్నా మొదట్లో చూపు బాగానే ఉంటుంది. అందుకే బాధ లేకపోయినా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. చెన్నైలో 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉండనే ఉంది. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు కూడా ఏడాదికోసారి చేయిస్తే మూత్రపిండాల సంగతి ముందుగా తెలుస్తుంది. రక్తపోటు అదుపులో ఉంచుకోవాలి. పొగ తాగడం పూర్తిగా మానాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ.

గర్భిణులకు ఒక మాట. ఇంతకుముందు షుగర్ లేనివారికి కూడా కడుపుతో ఉన్నప్పుడు రావచ్చు. ఇందాక చెప్పిన డాక్టర్ శేషయ్యగారే మన గర్భిణులకు అనువైన సులభ పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. పరగడుపున రానక్కర లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 2 గంటల తర్వాత ఒక్కసారి రక్తం చూస్తారు. 140 గాని ఆ పైన గాని ఉంటే జాగ్రత్తలు మొదలుపెడతారు. బిడ్డ పుట్టాక కూడా ఆ తల్లి ఏటా పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి. తరగతిలో మొదటి రకం మధుమేహమున్న పిల్లవాడు ఉంటే, మాటిమాటికీ బయటికి వెళ్తానంటే కసరవద్దు. పాఠం మధ్యలో బిస్కెట్ తింటే తప్పు పట్టవద్దు. వణుకుతూ, చెమటలు పడుతూ ఉంటే ఆ బిడ్డకు కావలసింది మందలింపు కాదు, చక్కెర నీళ్లు. అది అంటుజబ్బు కాదని తోటిపిల్లలకు చెప్పండి.

ఇంత వైద్యం మనలాంటి వాళ్లకు అందుబాటులో ఉంటుందా అని అనుకోవద్దు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, రక్తపోటు పరీక్షలు చేస్తారు, మాత్రలు ఇస్తారు. తమిళనాడులో ఇంటి గుమ్మం దగ్గరకే ఈ మందులు చేర్చే పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది. అది ప్రారంభమైనది మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి గ్రామంలోనే. మీ ఊళ్లో ఎవరిని అడగాలో ఆరోగ్య కేంద్రంలోని నర్సమ్మను అడగండి. 30 ఏళ్లు దాటిన ప్రతివారూ, ముఖ్యంగా తల్లిదండ్రులకు షుగర్ ఉన్నవారు, బాధ లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

చివరిగా ఒక చిన్న పని చెబుతాను. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు తీసుకోండి. తేదీ, పరగడుపు అంకె, తిన్న తర్వాతి అంకె, మూడు నెలల సగటు, ఆ రోజుల్లో వాడిన మందు, నాలుగు గీతలు గీసి రాసుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకువెళ్లండి. అంకె ఎక్కువ వచ్చినా దాచవద్దు, సిగ్గుపడవద్దు. ఎక్కువ వచ్చిన అంకె కూడా మనకు పనికొచ్చే సమాచారమే. మధుమేహం ఉన్నంత మాత్రాన మనవళ్లను ఎత్తుకోవడం, పొలానికి వెళ్లడం, బడికి వెళ్లి పాఠం చెప్పడం ఆగిపోనక్కర లేదు. రెండు రోజుల ఉపవాసం కంటే తొంభై రోజుల క్రమం మనల్ని కాపాడుతుంది.